గ్రీష్మరాత్రులు – శయనగృహము

గత వైశాఖమాసమున ఒకనాటి ఉదయము నేను మా అత్తగారికి రక్తపుపోటు మాత్రను రెండుమాఱులు ఇచ్చితిని. అయిదు గంటలకు కాఫీతోబాటు ఒకటి ఇచ్చి, ఇచ్చిన సంగతియే మఱచి, ఆఱు గంటలకు మఱియొకటి చేతిలో పెట్టితిని. కోడలు ఇచ్చినది గదా యని అత్తగారు దానిని గూడ మ్రింగి, గ్లాసు క్రింద పెట్టుచు, “ఇందాక ఒకటి వేసుకొన్నాను కదటే అమ్మాయీ, డాక్టరుగారు రెండు చేశారా?” అని అడిగిరి. నా గుండె జల్లుమన్నది.

ఆనాడు మధ్యాహ్నమువఱకు వారిని ఆసుపత్రిలో మంచముపై నుంచి, మాటిమాటికి పోటు చూచి, భయము లేదని పంపివేసిరి. అచ్చటి వైద్యురాలు నన్ను మందలింపలేదు. “మీరు సరిగా నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా?” అని మాత్రము అడిగినది. ఇంటికి వచ్చుచు దారిలో లెక్క చూచుకొంటిని. 16 రాత్రులు.

నాకు జ్వరము లేదు, మనోవ్యథ లేదు. నేను పరుండు గది కాగిపోవుచుండెను, అంతే.

మేము గుంటూరిలో ఒక మేడ పైవాటాలో అద్దెకున్నాము. పైన స్లాబు, ఆపైన ఆకాశము. ముందు హాలు, నడుమ నొక గది, వంటయింటి ప్రక్కన సామానుగది వంటి చిన్నగది. హాలులో అత్తగారి మంచము, కూలరు అచ్చటనే. నడిమిగదిలో ఫ్యాను క్రింద మావారును పిల్లలిద్దఱును. చిన్నగదిలో నేను. ఈ యేర్పాటు ఎవ్వరును నాపై రుద్దినది కాదు. అందఱికంటె ముందు లేచుదానను, అందఱికంటె వెనుక పరుండుదానను; గిన్నెల చప్పుడును దీపపు వెలుతురును తక్కినవారికి నిద్రాభంగము చేయకుండునని నేనే దానిని కోరుకొంటిని. పడమటియెండ తగులు గోడ దానిదే. వంటయింటి పొయ్యి సెగయు దానికే. ఉన్న ఒక్క కిటికీయు ప్రక్కయింటి గోడకు ఎదురుగా నున్నది. సోదరీమణులారా! మీలో ఎందఱు ఇట్టి గదిలో పరుండుచున్నారో నేనెఱుగను గాని, కొలదిమంది మాత్రము కారని నా నమ్మకము.

మావారు ఉన్నతపాఠశాలలో సైన్సు బోధింతురు. మాత్రల వృత్తాంతము జరిగిన సాయంకాలమే ఆయన బజారునుండి గోడకు తగిలించు థర్మామీటరు నొకదానిని తెచ్చి, ఇంటిలో పలుచోట్ల పెట్టి చూచి, పిల్లల నోటుపుస్తకములో వ్రాయుమని నాకు పురమాయించిరి. రాత్రి 9 గంటలకు హాలులో 35 డిగ్రీలు, చిన్నగదిలో 37న్నర, డాబాపైన 32. తెల్లవాఱుజామున 4 గంటలకు హాలులో 33, చిన్నగదిలో 34న్నర, డాబాపైన 29. ఒకే యింట, ఒకే గడియలో, అయిదున్నర డిగ్రీల భేదము! వేసవి అందఱికిని ఒక్కటే యని నేను అంతవఱకు తలంచుచుంటిని.

నిద్రకును శరీరపు వేడికిని గల సంబంధమును ఇచ్చట కొంచెము వివరింపవలెను. మన దేహపు లోపలివేడి పగలెల్ల ఒకే తీరున నుండదు. సాయంకాలమునకు హెచ్చి, ప్రొద్దుపోయినకొలది తగ్గుచు, తెల్లవాఱుటకు ముందు సుమారు ఒక డిగ్రీ దిగువకు చేరును. ఆ దిగుదలతోనే కునుకు వచ్చును. ఈ వేడి దేహమునుండి వెడలుటకు ముఖ్యమైన ద్వారములు అఱచేతులు, అఱకాళ్లు. నిద్రవేళకు అచ్చటి రక్తనాళములు విప్పారి, లోపలి వెచ్చని రక్తము చర్మముకడకు వచ్చి, తన వేడిని గాలికి ఇచ్చి చల్లనై మరలిపోవును. మఱి గదిలోని గాలియే మన చర్మమంత వేడిగా నున్నయెడల ఆ వేడిని పుచ్చుకొనువారెవరు? అప్పుడు చెమట యొక్కటే శరణ్యము. చెమటయైనను ఆఱినప్పుడే చలువ నిచ్చును; కారి పక్క తడియుటవలన లాభము లేదు.

ఇంకొక సంగతి. నిద్రలో గాఢనిద్రయనియు, స్వప్నములు విశేషముగా వచ్చు నిద్రయనియు దశలు కలవు. స్వప్నదశలో దేహము తన వేడిని తాను సరిదిద్దుకొను శక్తి మందగించును; చెమటపోయుటయు, చలికి వణకుటయు సరిగా జరుగవు. అందుచేత మిక్కిలి వేడిగదిలో నిద్రించువారికి గాఢనిద్రయు స్వప్ననిద్రయు రెండును కుఱుచయై, మెలకువలు ఎక్కువగును. మనము ఆ మెలకువలను అన్నింటిని జ్ఞాపకముంచుకొనము. “ఏడు గంటలు పరుంటిని గదా, ఇంకను ఈ మగత యేమి?” అని ప్రొద్దుట మనలను మనమే నిందించుకొందుము. పాలు పొంగిపోవుట, పిల్లలమీద అకారణముగా విసుగుకొనుట, మాత్ర రెండుమాఱులిచ్చుట – ఇవన్నియు నేను నా స్వభావములోని లోపములే యనుకొంటిని.

1999లో స్విట్జర్లాండుదేశపు బాసెల్ నగరమునందలి శాస్త్రజ్ఞులు, పాదములు వెచ్చగా నున్నవారికి నిద్ర త్వరగా పట్టునని పరిశోధించి ప్రకటించిరి. పాదములు వెచ్చగా నుండుట యనగా అచ్చటి నాళములు విప్పారి, లోపలివేడి బయటికి పోవుచున్నదని అర్థము. ఇది చదివినప్పుడు నాకు మా నాయనగారు జ్ఞప్తికి వచ్చిరి. తడికాళ్లతో భుజింపవచ్చును గాని తడికాళ్లతో శయనింపరాదని మనుస్మృతిలో ఒక విధి కలదు. చిన్ననాడు వారు దానిని నాకు చెప్పినప్పుడు, ఇదియు నొక ధర్మమేనా యని నవ్వితిని. స్మృతికర్తకు రక్తనాళముల సంగతి తెలిసియే వ్రాసెనని నేను వాదింపను. అయినను రాత్రి పడకకు గంటముందు గోరువెచ్చని నీళ్లతో స్నానముచేసి, పాదములు తుడుచుకొని పరుండుట మేలని ఇప్పుడు అనుభవముచేత చెప్పగలను. మంచువలె చల్లని నీళ్లు క్రుమ్మరించుకొన్నచో ఆ నిమిషమునకు హాయియే గాని, చర్మమందలి నాళములు ముడుచుకొని లోపలివేడిని లోపలనే బంధించును.

చరకసంహితలోని ఋతుచర్యయందు గ్రీష్మమునకు చెప్పిన నియమము ఇంకను ముచ్చటగా నుండును. పగలు చల్లని గృహమున కొంత నిద్రింపవలెను. రాత్రి చందనము పూసికొని, గాలివీచు మేడపైన వెన్నెలలో శయనింపవలెను. ఇతర ఋతువులందు పగటినిద్రను గర్హించిన ఆ గ్రంథమే, గ్రీష్మమున రాత్రులు పొట్టివి గనుక అనుమతించినది. మధ్యాహ్నము అరగంట నడుము వాల్చినందుకు సిగ్గుపడు సోదరీమణులు దీనిని గమనింతురుగాక. అయితే ఆ వెన్నెల మేడపై పరుండిన గృహస్థునికి చందనము అఱగదీసి యిచ్చిన యిల్లాలు ఆ రాత్రి ఏ మూల పరుండెనో గ్రంథకర్త వ్రాయలేదు.

వ్రాయవలసినదే. 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 68 దేశములకు చెందిన 47 వేలమందికి పైగా జనుల నిద్రను, వారు ముంజేతికి కట్టుకొను పట్టీల సాయమున, 70 లక్షల రాత్రులకు పైగా లెక్కించి చూచిరి. రాత్రి ఉష్ణము 30 డిగ్రీలు దాటినప్పుడు సగటున 14 నిమిషములకు పైగా నిద్ర తఱుగుచున్నది. పదునాలుగు నిమిషములేనా యందురేమో! అది సగటు. పురుషులకంటె స్త్రీలకును, వయస్సువారికంటె వృద్ధులకును, ధనికదేశములవారికంటె పేదదేశములవారికిని ఈ నష్టము హెచ్చుగా నున్నదని వారు తేల్చిరి. రెండుమూడు నెలలు రాత్రిరాత్రికి ఇట్లు తఱుగుచు పోయినచో ఎంత అప్పు పేరుకొనునో ఇల్లు నడపు మీకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇంక ఇంటి సంగతి. స్లాబు పగలెల్ల ఎండను త్రాగి, ప్రొద్దుగ్రుంకిన తరువాత ఆ వేడిని క్రిందికి క్రక్కును. అందుకే బయట గాలి తగిలినను లోపల అర్ధరాత్రివఱకు తల వేడెక్కుచునే యుండును. తాటాకుటింట ఈ బాధ లేదు. ఆకుల సందులలోని గాలియే ఎండకు అడ్డుగా నిలుచును. మంగుళూరు పెంకుటింట, అటుక యున్నచో, కొంత నయము. మనము అగ్నిభయమునకును, వానకును, కోతులకును వెఱచి స్లాబుకు వచ్చితిమి; వచ్చినందుకు విచారించుట లేదు. కాని స్లాబునకు ఎండ తగులకుండ చేయు ఉపాయములు లేకపోలేదు. డాబాపైన తెల్లని సున్నము, జిగురు కలిపి, చైత్రములోనే రెండుపూతలు వేసినచో ఎండలో చాలభాగము మరల ఆకాశమునకే పోవును. క్రిందిగది రెండుమూడు డిగ్రీలు దిగును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చలువకప్పుల విధానమును ప్రకటించి, పెద్ద కట్టడములకు దీనిని నిర్బంధము చేసినది. మనవంటి అద్దెవాటాలవారిని ఎవరును నిర్బంధింపరు గనుక మనమే ఇంటి యజమానులను బ్రతిమాలుకొనవలెను. మా యజమానురాలు మొదట “తెల్లసున్నము వేస్తే కళ్లు చెదురుతాయమ్మా” అన్నది. ఖర్చు మేము పెట్టుకొందుమనగా ఆ చెదరుట మానినది.

కిటికీల విషయమున మనవారు చేయు పొరపాటు ఒకటి కలదు. గాలి రావలెనని మధ్యాహ్నమందు తలుపులన్నియు తెఱచిపెట్టుదురు. దొంగలకును దోమలకును వెఱచి రాత్రి మూసివైతురు. చేయవలసినది దీనికి తలక్రిందులు. ప్రొద్దున 9 గంటలకు మూసి తెరలు వేయవలెను. బయటి గాలి లోపలికంటె చల్లబడిన తరువాత ఎదురెదురు కిటికీలు తెఱవవలెను. దోమలకు జాలీ బిగింపవచ్చును. పరుపు విషయమున నా అభిప్రాయము కొందఱికి రుచింపదు. దూదిపరుపును, అంతకంటె స్పాంజిపరుపును వీపుక్రింది వేడిని పట్టి యుంచును. నులకమంచమునకు క్రిందినుండి గాలి తగులును. దానిపై తుంగచాపయు, ఉతికిన నూలుదుప్పటియు చాలును. నులకమంచమును పెండ్లిపిలుపుల ఫొటోలకు మాత్రమే ఇంట నుంచుకొన్నవారు దానిని వేసవికి దించుదురుగాక.

డాబాపై పడక ఉత్తమమే గాని, అందఱికిని కాదు. సాయంకాలము నీళ్లు చల్లి, సెగ పోయిన తరువాత మంచములు వేయవలెను. ఉత్తగచ్చుమీద పరుండినచో అర్ధరాత్రివఱకు క్రిందినుండి కాలుచునే యుండును. పిట్టగోడ పిల్లల నడుమునకు రానిచో అచ్చట పడక ప్రమాదము. నలువైపుల అపార్టుమెంట్లున్నచోట ఆడువారు డాబాపై పరుండుటకు సంకోచింతురు. అది వారి తప్పు కాదు.

ఫ్యాను గది వేడిని తగ్గింపదు. అది చెమటను ఆర్చి మనకు చలువ నిచ్చును. కావున ఎవరును లేని గదిలో ఫ్యాను త్రిప్పుట వట్టి వృథా. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను వేడిగాలినే మీదికి తోలి చెఱుపు చేయును. అప్పుడు ఒడలు తడిగుడ్డతో తుడుచుకొనవలెను. కూలరును వట్టివేళ్ల తడికలును పొడిగాలియున్న కర్నూలు, అనంతపురము, తెలంగాణ ప్రాంతములందు అమోఘము. మచిలీపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో గాలియే తడిగా నుండుటచేత వాని ప్రభావము అంతగా నుండదు. కిటికీ తెఱవక కూలరు పెట్టినచో గది ఆవిరికుండయగును. గుంటూరు ఈ రెంటికిని నడుమనున్నది. పడమటిగాలి వీచునాడు మా కూలరు పనిచేయును, సముద్రపుగాలి తిరిగిననాడు అత్తగారు “ఇది గాలా, గంజి ఆవిరా?” అందురు.

ఏసీ యున్న యిండ్లవారికి రెండు మాటలు. శీతదేశముల వైద్యులు పడకగదికి 18 డిగ్రీల ప్రాంతము మంచిదని చెప్పుదురు. ఆ మాట చదివి మనవారు కొందఱు 18కి త్రిప్పి, పైన రగ్గు కప్పుకొనుచున్నారు! మన దేహములు ఈ దేశపు వేడికి అలవడినవి. ఫ్యానుగాలి తోడైనచో 27, 28 డిగ్రీల గదిలో మనవారు అనేకులు సుఖముగా నిద్రింతురు. 2020 జనవరినుండి మన దేశమున అమ్ము గది ఏసీలు 24 డిగ్రీలతోనే మొదలగునట్లు ప్రభుత్వము నియమించినది. దానిని పెంచిన ప్రతి డిగ్రీకిని విద్యుత్తులో నూటికి సుమారు 6 వంతులు మిగులునని ఆ శాఖవారి లెక్క. ఏసీ ఒక్కగదిలోనే యుండు నింట, ఆ గదిలో ఎవరు పరుండుదురో నేను అడుగను, మీరు అడుగుడు.

పసిపిల్లల విషయమున మాత్రము నేను గట్టిగా చెప్పదలచితిని. మా చెల్లెలు మొన్నటి రోహిణీకార్తెలో ప్రసవించినది. రోళ్లు పగులునని సామెత చెప్పు ఆ యెండలలో, బాలింతగది తలుపులు బిగించి, సాంబ్రాణి పొగవేసి, శిశువునకు టోపీ తొడిగి, మూడు పొరల గుడ్డలో చుట్టిరి. బిడ్డ మూడు రాత్రులు ఏకధాటిగా ఏడ్చినది. దృష్టి తీసిరి. వాము నీళ్లు పోయుదమనిరి. ఇంటికి వచ్చిన నర్సు బిడ్డ మెడవెనుక చేయిపెట్టి చూచి, చెమటతో జారుచుండగా, మాటాడక కిటికీ తెఱచి టోపీ తీసివైచినది. వీపంతయు చెమటకాయలు. ఆ రాత్రి తల్లియు బిడ్డయు ఇద్దఱును నిద్రించిరి. శిశువు చేతులు, కాళ్లు చల్లగా నుండుట చలికి గుర్తు కాదు; మెడవెనుకను, రొమ్మును తాకి చూడవలెను. అతివేడియు, ముఖముపై గుడ్డయు నిద్రలో శిశువునకు ప్రాణాపాయము కలిగింపగలవని వైద్యులు హెచ్చరించుచున్నారు. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు, బరువు తక్కువైన బిడ్డలకు వెచ్చదనము నిజముగా అవసరమే. వారి సంగతి వైద్యులు చెప్పినట్లు చేయవలెను. మన పెద్దలు ఆ యాచారమును చలిగాలి చొరబడు ఇండ్లకు ఏర్పఱచియుందురు. స్లాబుక్రింద, జ్యేష్ఠమాసమున, అది వేఱు సంగతి.

వృద్ధులకు వేడి తెలియదు, దాహమును తెలియదు. “నాకేమీ ఉక్కగా లేదు” అని మా అత్తగారు అనుచుండగానే వారి రవిక తడిసియుండును. 2015 మే నెలలో వడగాలులకు మన దేశమున రెండువేలకు పైగా జనులు మరణించిరి. వారిలో అధికభాగము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. వడదెబ్బ యనగా మిట్టమధ్యాహ్నపు రోడ్డుమీదిది యనుకొందుము. రాత్రియు చల్లబడని గదిలో దేహమునకు కోలుకొను వ్యవధియే దొరకదు. ముట్లుడుగు వయస్సున నున్న అక్కలకు రాత్రులు ఉన్నట్టుండి ఒడలెల్ల ఆవిరెత్తి చెమట పోయుట చాలమందికి జరుగును. దానిని చెప్పుకొనుటకు సిగ్గుపడి, దుప్పటి తన్నివేసి, మరల కప్పుకొని, తెల్లవార్లు పొరలుదురు. వారికి కిటికీ ప్రక్కనో, ఫ్యాను క్రిందనో, వేఱుగా పలుచని దుప్పటితో చోటిచ్చుట ఇంటివారి ధర్మము.

మా యింట ఏమి జరిగినదో చెప్పి ముగించెదను. థర్మామీటరు లెక్కలు చూచి మావారు, “నేను మూడురాత్రులు చిన్నగదిలో పడుకొంటాను, నువ్వు నడిమిగదికి రా” అనిరి. పరీక్ష యనిరి. రెండవరాత్రి రెండుగంటలవేళ తలగడ చంకనబెట్టుకొని హాలులోనికి వచ్చి, అత్తగారి మంచము ప్రక్క గచ్చుమీద పరుండిరి. ప్రొద్దున నోటుపుస్తకములో ఆ రాత్రి పంక్తికి ఎదురుగా వారి చేతివ్రాత కనబడినది: నివాసయోగ్యము కాదు.

ఇప్పుడు నా మంచము హాలులో, కూలరుకు ఎదురుగా, అత్తగారి మంచమునకు మూరెడు దూరమున నున్నది. సున్నము వేసిన తరువాత హాలులో రాత్రి 9 గంటలకు 32న్నర చూచితిమి. ప్రొద్దుట గిన్నెల చప్పుడు అందఱికిని వినబడుచునే యున్నది. పెద్దపిల్లవాడు లేచి పాలపాకెట్లు తెచ్చుచున్నాడు. అత్తగారి మాత్రలకు వారమునకు ఏడు అఱలున్న డబ్బా కొంటిమి. చిన్నగదిలో బియ్యపు బస్తాయు, ఈ యేటి ఆవకాయ జాడీలును పెట్టితిమి. వానికి ఆ వేడి మంచిదే యని అత్తగారందురు.